మొదటి జియోక్యాష్ పెట్టేముందు: కోఆర్డినేట్లు, డబ్బా, లాగ్‌బుక్

కొత్తబాట:
జియోక్యాషింగ్‌లో (ఒకరు దాచిన డబ్బాని, అంటే క్యాష్‌ని, జీపీఎస్ కోఆర్డినేట్లతో ఇంకొకరు వెతికి లోపలి లాగ్‌బుక్‌లో సంతకం చేసే ఆట) వెతకడం అలవాటైంది, ఇక సొంతంగా ఒకటి పెట్టాలని ఉంది. ట్రెడిషనల్ (ఇచ్చిన కోఆర్డినేట్ల దగ్గరే డబ్బా ఉండే రకం), స్మాల్ సైజు. అనుకున్న చోట పెద్ద చెట్లున్నాయి, ఒక పక్కన ఎత్తైన రాతిగోడ ఉంది. ఫోన్‌తో తీసిన కోఆర్డినేట్లు సరిపోతాయా, చేతి జీపీఎస్ కొనక తప్పదా? వానకి ఆగే డబ్బా ఏది? సైట్ తరఫున పరిశీలించే రివ్యూయర్ తిప్పి పంపకుండా లిస్టింగ్‌లో (క్యాష్ వివరాల పేజీలో) ఏం చూసుకోవాలి? ఇంకోటి, గోడ మొదట్లో చిన్న గుంట తీసి అందులో పెడితే ఎవరి కంటా పడదు, అలా చేయొచ్చా?

మట్టిదారి:
గుంట సంగతి ముందు తేల్చేద్దాం: వద్దు. స్థలం ఎవరిదో వాళ్లు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప నేల తవ్వి పెట్టిన క్యాష్‌ని రివ్యూయర్ ఒప్పుకోరు. గునపంతో తవ్వినా, పుల్లతో గీరినా లెక్క ఒకటే. చెట్టుకి మేకు కొట్టడం, గోడకి చిల్లు పెట్టడం కూడా అంతే. రాళ్ల సందు, మోడు తొర్ర, వేళ్ల మధ్య ఖాళీ, పైన నాలుగు ఎండుటాకులు, ఇంతవరకే.

రాత్రిపిట్ట:
మొట్టమొదటిదే పాతిన బకెట్ కదండీ :) జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతూ వచ్చిన తేడాని అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. మర్నాడే డేవ్ అల్మర్ ఒరెగాన్‌లో ఒక బకెట్‌ని చాలావరకు నేలలోకి దింపి, కోఆర్డినేట్లు యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో పెట్టాడు. ఆట మొదలైందే అక్కడ.

మట్టిదారి:
అప్పుడు లోకం మొత్తానికి ఉన్నది ఆ ఒక్కటే. ఇప్పుడు ముప్పై లక్షలు దాటాయి. పెట్టేవాడు తీసే గుంట ఒకటే, గొడవ వెతికేవాళ్లతో. నేలలో ఉందేమోనన్న అనుమానం వచ్చిందంటే పది మీటర్ల వలయంలో ఎవరికి తోచిన చోట వాళ్లు తవ్వుతారు. పార్కు వాళ్లు ఆ గుంటలు చూశారంటే ఆ చుట్టుపక్కల క్యాష్‌లన్నీ పోతాయి.

దిక్సూచి:
కొత్తబాట గారూ, కోఆర్డినేట్లకి ఫోన్ చాలు. తీసే పద్ధతే ముఖ్యం. మీ చోటు మాత్రం కష్టమైనదే. రాతిగోడ పక్కన సిగ్నల్ నేరుగా రావడమే కాక గోడకి తగిలి తిరిగి కూడా వస్తుంది. తిరిగొచ్చినది కాస్త ఆలస్యంగా చేరుతుంది, ఫోన్ దాన్ని దూరంగా లెక్కవేసుకుంటుంది. ఎల్1తో పాటు ఎల్5 కూడా (ఉపగ్రహాలు పంపే రెండు పౌనఃపున్యాలు ఇవి) అందుకునే ఫోన్ అయితే ఈ బాధ తగ్గుతుంది. ఎల్5 కోడ్ వేగం పది రెట్లు ఎక్కువ కాబట్టి అసలు సిగ్నల్‌నీ ప్రతిధ్వనినీ విడదీయడం దానికి తేలిక. మీ ఫోన్‌లో ఉందో లేదో జీపీఎస్‌టెస్ట్ యాప్‌లో ఉపగ్రహాల పట్టిక తెరిస్తే కనబడుతుంది.

తీసేటప్పుడు దారి చూపించే మ్యాప్ యాప్‌లు వాడకండి. అవి చుక్కని దగ్గర్లోని రోడ్డు మీదకి లాగుతాయి. ఉపగ్రహాల రీడింగ్‌ని నేరుగా చూపించే యాప్ తీసుకోండి. తెరిచిన వెంటనే కనిపించే అంకె రాసుకోవద్దు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు 30 సెకన్లకోసారి పంపుతుంది, అన్నీ కుదురుకోవడానికి నాలుగైదు నిమిషాలు ఇవ్వండి. ఫోన్‌ని డబ్బా పెట్టబోయే చోటే తెర పైకి ఉండేలా పెట్టి, మీరు పక్కకి జరగండి. మీ ఒళ్లు అడ్డుపడినా సిగ్నల్ తగ్గుతుంది.

యాప్‌లో ‘ఖచ్చితత్వం 4 మీటర్లు’ అని కనబడితే నాలుగు మీటర్లలోపే ఉన్నట్టని చాలామంది అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో ఆ వలయం 68 శాతం నమ్మకానికి గీసింది. మూడింట ఒక రీడింగ్ దాని బయటే ఉంటుంది.

అక్షాంశం:
దిక్సూచి గారు చెప్పినదాంట్లో ఒక్కటి కలపాలి. ఒకే చోట కూర్చుని పది నిమిషాల పాటు సగటు తీస్తే పనైపోయిందనుకోవద్దు. ఆ పది నిమిషాల్లో ఉపగ్రహాలు పెద్దగా కదలవు, గోడ ప్రతిధ్వని మారదు, తేడా అన్ని రీడింగుల్లోనూ ఒకే వైపు ఉంటుంది. సగటు చక్కగా కుదురుతుంది, తప్పు చోట కుదురుతుంది. గంటలు గడిచాక మళ్లీ తీయాలి.

మర్నాడు అదే టైముకి వెళ్లినా లాభం తక్కువే. జీపీఎస్ ఉపగ్రహాల అమరిక రోజుకి దాదాపు 4 నిమిషాలు ముందుగా మళ్లీ అదే రూపానికి వస్తుంది. నిన్న పొద్దున తొమ్మిదింటికి ఉన్న తప్పే ఇవాళ తొమ్మిదింటికీ చాలావరకు ఉంటుంది. గెలీలియో, గ్లోనాస్ లాంటి వేరే ఉపగ్రహ వ్యవస్థలు కూడా కలిపి చూసే ఫోన్‌లో ఇది కొంత తగ్గుతుంది, పోదు. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు మధ్యాహ్నం, మరోరోజు సాయంత్రం వెళ్లండి.

కొత్తబాట:
అలా వచ్చిన రీడింగులన్నీ కలిపి భాగిస్తే చాలా?

అక్షాంశం:
సగటు కంటే మధ్యస్థం, అంటే వరసలో పెడితే నడుమ వచ్చే అంకె, మేలు. ఉత్తరం వైపు నిమిషాల (డిగ్రీలో 60వ వంతు నిమిషం) దశాంశాలు .409, .412, .414, .418, .441 వచ్చాయనుకోండి. సగటు .4188. ఆ చివరిది గోడ పుణ్యమే, అదొక్కటే మొత్తాన్ని లాగేసింది. మధ్యస్థం .414. రెంటికీ తేడా 0.0048 నిమిషం, అంటే దాదాపు 9 మీటర్లు. వెతికేవాడికి 9 మీటర్లంటే పక్క చెట్టు.

0.001 నిమిషం అంటే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లని గుర్తుంచుకుంటే చాలు. తూర్పు పడమరల్లో భూమధ్యరేఖ దగ్గర అంతే ఉంటుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర 1.3కి, 60 డిగ్రీల దగ్గర 0.93కి తగ్గుతుంది.

దిక్సూచి:
మధ్యస్థం మాట ఒప్పుకుంటాను. అంకె తేలాక ఉల్టా పరీక్ష కూడా చేయండి. ఆ కోఆర్డినేట్లు ఫోన్‌లో పెట్టుకుని 50 మీటర్లు దూరం పోయి, మూడు వేరు వేరు దిక్కుల నుంచి వెతికేవాడిలా నడిచి రండి. దూరం సున్నా చూపిన మూడు చోట్లూ డబ్బా చుట్టూ పడితే బాగుంది. మూడూ ఒకే పక్కకి పడితే అంకె సరిచేయాలి.

శాటిలైట్ ఫొటో మీద చెట్టు మీద వేలు పెట్టి కోఆర్డినేట్లు తీయకండి. ఆ ఫొటోలే కొన్నిచోట్ల కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. చెరువు మధ్యలో పడిందా, రోడ్డుకి అవతల పడిందా అని చూసుకోవడానికి అయితే పనికొస్తాయి.

రాత్రిపిట్ట:
రూపం సంగతి ఎవరూ చెప్పలేదేం? లిస్టింగ్‌లో కావాల్సింది డబ్ల్యూజీఎస్84లో (జీపీఎస్ వాడే భూమి కొలతల పద్ధతి) డిగ్రీలు, దశాంశ నిమిషాలు. ఫోన్లు ఎక్కువగా దశాంశ డిగ్రీలు చూపిస్తాయి. 47.385 డిగ్రీలంటే 47 డిగ్రీల 23.100 నిమిషాలు. .385ని 60తో గుణించాలి. దాన్ని 47 డిగ్రీల 38.5 నిమిషాలని రాస్తే క్యాష్ 28 కిలోమీటర్లకు పైగా అవతల పడుతుంది. అంత దూరమైతే రివ్యూయరే పట్టుకుంటారు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల రూపాన్ని దశాంశ నిమిషాలుగా పొరబడితే తేడా వందల మీటర్లలో ఉంటుంది. 23 నిమిషాల 30 సెకన్లంటే 23.500, 23.300 కాదు. ఆ 370 మీటర్ల తేడా మ్యాప్ మీద చూస్తే పార్కులోనే ఉన్నట్టు కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

మూతబిగువు:
ఇక డబ్బా దగ్గరికి వద్దాం. క్యాష్‌లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

స్మాల్ అంటే 100 మి.లీ. నుంచి లీటరు దాకా. ఈ సైజుకి నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో సిలికాన్ రబ్బరు ఉన్న ఆహారం డబ్బా మంచిది. రబ్బరు మూత గాడిలోంచి ఊడివచ్చేదై ఉండాలి, అప్పుడే కడగొచ్చు, మార్చొచ్చు. నొక్కుడు మూతల డబ్బాలు, మాత్రల సీసాలు, ఫిల్మ్ డబ్బీలు, అయస్కాంతం తాళంచెవి పెట్టెలు, ఇవేవీ వాన ఆపవు. తెలిసి కూడా పెడుతూనే ఉంటారు, ఎందుకో మరి. మైక్రోకైతే (స్మాల్ కంటే చిన్న సైజు) కూల్‌డ్రింక్ సీసా ఊదకముందు ఉండే మందపాటి ప్లాస్టిక్ గొట్టం, ప్రీఫార్మ్ అంటారు, దాన్ని మించింది లేదు. మర మూత గట్టిగా పడుతుంది, రాయి కింద నలిగినా పగలదు.

వాన పైనుంచి పడితే లోపలికి పోతుందనుకుంటారు. అసలు దారి వేరు. పగలు 40 డిగ్రీలకి వేడెక్కిన డబ్బా వాన పడి 20కి దిగితే లోపలి గాలి ఒత్తిడి 6 శాతం దాకా పడిపోతుంది. అరమీటరుకు పైగా నీటిమట్టం ఎంత తోస్తుందో అంత లాగుడు అది. అప్పటికి మూత చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే, రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువున్నా చాలు, ఆ నీళ్లు లోపలికి పోతాయి. అందుకే డబ్బాని మూత పైకి ఉండేలా గిన్నెలాంటి పల్లంలో పెట్టకూడదు. పక్కకి ఒరిగించి, కిందుగా నీళ్లు జారిపోయేలా పెట్టండి.

పెట్టేముందు పరీక్ష: లోపల పొడి టిష్యూ, మునగడానికి ఒక రాయి వేసి మూత బిగించండి. చేయి పెట్టగలిగినంత వేడి నీళ్లలో పది నిమిషాలు ముంచి, తీసి వెంటనే చన్నీళ్లలో గంటసేపు ముంచండి. పైన తుడిచి తెరవండి. టిష్యూ అంచు తడిస్తే ఆ డబ్బా వంటింటికే. మామూలుగా కుళాయి కింద పెట్టి చూస్తే దాదాపు ప్రతి డబ్బా పాసవుతుంది, దాన్ని నమ్మొద్దు.

నీలిడబ్బా:
ఆమో క్యాన్ (సైన్యం తూటాల ఇనప్పెట్టె) పేరే ఎత్తలేదేమిటి? రబ్బరు బాగున్న ఆమో క్యాన్ ఏళ్ల తరబడి పొడిగా ఉంటుంది.

మూతబిగువు:
ఉంటుంది. అడవి దారిలోనైతే మొదటి ఓటు దానికే. కానీ అది రెగ్యులర్ సైజు, ఆయన అడిగింది స్మాల్. పైగా పార్కులో, గోడ పక్కన సైన్యం ముద్రలున్న ఇనప్పెట్టె కనబడితే పోలీసులు వస్తారు. పెట్టినా ఆ రాతలు పూర్తిగా కప్పేయాలి. ఏ డబ్బా అయినా సరే, జనం తిరిగే చోట పారదర్శకంగా ఉంటే మేలు. లోపలున్నది ఆటబొమ్మలని చూడగానే తెలియాలి. పైన ‘జియోక్యాష్’ అనీ, క్యాష్ పేరు, సైట్ ఇచ్చే జీసీ నంబరూ చెరిగిపోని సిరాతో రాయండి.

రంగు వేయాలనుకుంటే: ఈ డబ్బాలు పాలీప్రొపిలీన్, స్ప్రే పెయింట్ పొరలుగా ఊడిపోతుంది. 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ వేశాకే రంగు. మూత గాడిలో రంగు పడనివ్వకండి. గుడ్డ టేపు చుడితే అంచుకి ఒక సెంటీమీటరు కిందే ఆపండి, గుడ్డ నీళ్లు పీల్చి నేరుగా మూత దగ్గరికి తెస్తుంది. ఎండ తగిలే చోట ముందు పోయేవి క్లిప్పుల మడతలు, పెళుసై విరుగుతాయి.

నీలిడబ్బా:
సరే. లోపల సిలికా జెల్ రెండు ప్యాకెట్లు వేస్తే సరి.

మూతబిగువు:
లెక్క చూడండి. 30 డిగ్రీల దగ్గర లీటరు గాలి నిండా పట్టే తేమ 0.03 గ్రాములే. 2 గ్రాముల ప్యాకెట్ అరగ్రాము పీల్చుకుంటుందనుకుంటే పదిహేనుసార్లకు పైగా డబ్బా తెరిచి మూసినా తట్టుకుంటుంది. అంతవరకు నిజంగా ఉపయోగమే. నీళ్లు కారే డబ్బాలో మాత్రం ఒక చెంచా నీళ్లంటే 5 గ్రాములు, మీ రెండు ప్యాకెట్లూ కలిపి ఒక గ్రాము. మంచి డబ్బాకి జెల్ అక్కర్లేదు, చెడ్డ డబ్బాని జెల్ కాపాడదు.

నీలిడబ్బా:
వానలో సంతకం పెట్టినవాళ్ల చేతి తడి కాగితానికి అంటుతుంది కదా. ఆ తేమకి జెల్ పనికొస్తుంది, అందుకే వేయమన్నది. నీలం గుళికలు మాత్రం వద్దు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, డబ్బా తెరిచేది ఎక్కువగా పిల్లలే.

మూతబిగువు:
ఆ మాట సబబే. చేతి తడికైతే ఒక ప్యాకెట్ వేయండి.

చిట్టాకాగితం:
లాగ్‌బుక్ గురించి రెండు ముక్కలు. పెన్సిల్ పెట్టండి, చిన్న చెక్కుడు కూడా. గ్రాఫైట్ తడికి కరగదు. జెల్ పెన్ రాతలు తడిస్తే నీలం మరకే మిగులుతుంది, బాల్‌పెన్ చలికి రాయదు. మొదటి పేజీ ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీస్తే తడికి కారిపోతుంది, లేజర్‌లో తీయండి. వాటర్‌ప్రూఫ్ కాగితం దొరికితే మంచిదే, దానిమీద కూడా పెన్సిలే నయం.

జిప్ సంచీ ఒక్కటి చాలు, అదీ కాస్త పెద్దది. ఇరుకు సంచీలో పుస్తకం కుక్కేటప్పుడు మూలలు చిరుగుతాయి. చిరిగిన సంచీ లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనివ్వదు, అందులో పుస్తకం బూజు పడుతుంది. వస్తువుల్లో తినేవి, వాసన వచ్చేవి వద్దు. చాక్లెట్ కోసం ఎలుకలు ప్లాస్టిక్‌ని కొరికేస్తాయి, సబ్బు వాసనకీ వస్తాయి.

మట్టిదారి:
లిస్టింగ్ సంగతి నేను చెబుతాను. ముందు స్థలం ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోండి. ఎవరు ఇచ్చారో రివ్యూయర్‌కి రాసే నోట్‌లో పెట్టండి, ఆ నోట్ ఆటగాళ్లకి కనబడదు. తర్వాత 161 మీటర్ల దూరం. మీ డబ్బాకీ, ఇంకో క్యాష్ తాలూకు డబ్బాకీ, మల్టీల (ఒక చోటు నుంచి ఇంకో చోటికి పంపే క్యాష్‌లు) మధ్య మజిలీల్లో ఉండే డబ్బాలకీ కనీసం అంత ఉండాలి. చిక్కేమిటంటే మిస్టరీల (పజిల్ విప్పితేనే చోటు తెలిసే క్యాష్‌లు) అసలు చోట్లు, మల్టీల చివరి చోట్లు మ్యాప్‌లో కనబడవు. మ్యాప్‌లో చూపే చోటికీ మిస్టరీ అసలు చోటికీ మధ్య 3 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. అందుకే డబ్బా కొనకముందే ఖాళీ లిస్టింగ్ తెరిచి, కోఆర్డినేట్లు పెట్టి, ఈ చోటు ఖాళీగా ఉందా అని రివ్యూయర్‌ని అడగండి. చెప్తారు.

కష్టం (వెతకడం), నేల (చేరే దారి) రెండింటికీ 1 నుంచి 5 దాకా అరంకె చొప్పున రేటింగు. వీల్‌చెయిర్‌లో వచ్చినవారు తమంతట తాము చేరి, అందుకుని, సంతకం చేసి పెట్టగలిగితేనే నేల 1. మీ చెట్ల వేళ్ల మధ్య అది కుదరదు, 1.5 ఇవ్వండి. డిస్క్రిప్షన్‌లో సైజు నిజం చెప్పండి. స్మాల్ అని చదివి వచ్చినవాడు వేలెడు గొట్టం కోసం వెతకడు.

కొత్తబాట:
హింట్ ఎంత చెప్పాలి?

దిక్సూచి:
వెతికే వలయం ఎంతో చూసుకోండి. మీ అంకెలో 4 మీటర్ల తేడా, వచ్చినవాడి ఫోన్‌లో 5 మీటర్లు, రెండూ ఒకే వైపు కలిస్తే 9. చెట్ల కింద ఇంకొంచెం ఎక్కువే. ఆ వలయంలో ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టండి. ఒక్క రాతిబల్ల మాత్రమే ఉంటే హింట్ అక్కర్లేదు. ఇరవై చెట్లుంటే ‘జంట కాండం, నడుం ఎత్తు’ అని ఇవ్వండి. లేకపోతే ఇరవై చెట్ల మొదళ్లూ తొక్కేస్తారు, నెలలో గడ్డి పోయి బాట పడుతుంది. పేజీలో హింట్ ఆర్ఓటీ13లో ఉంటుంది, అంటే ఇంగ్లిష్ అక్షరాలు పదమూడేసి జరుగుతాయి. తెలుగులో రాస్తే అది మారదు, కావాలనుకోని వాళ్లకీ కనబడిపోతుంది. హింట్ వరకు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి.

రాత్రిపిట్ట:
ఇంత కష్టం ఎందుకు, మల్టీ చేయొచ్చుగా? మొదటి మజిలీ గోడకి దూరంగా ఏదైనా బోర్డు దగ్గర పెట్టి, అంకెలు అక్కడి నుంచి తీయిస్తే సరి.

అక్షాంశం:
చేయొచ్చు. చదివి తీసుకునే సమాచారం మాత్రమే ఉన్న మజిలీకి 161 మీటర్ల లెక్క కూడా లేదు. కానీ ప్రశ్న జాగ్రత్త. మెట్లు, కిటికీలు, కడ్డీలు లెక్కపెట్టమనకండి. పై అరుగు మెట్టు కిందికి వస్తుందా రాదా అని పదిమందీ పది రకాలుగా లెక్కవేస్తారు. రాతిలో చెక్కిన సంవత్సరం అడగండి. పెయింట్ బోర్డులు మారిపోతాయి, చెక్కినవి మారవు.

ఏ జవాబుని ఏ స్థానంలో పెడతారన్నదీ చూడాలి. నిమిషాల మూడో దశాంశంలో ఒకటి తప్పితే 1.85 మీటర్లు, రెండోదాంట్లో 18.5, మొదటిదాంట్లో 185. పొరబడే వీలున్న జవాబు మూడో దశాంశానికి వెళ్లాలి. చివర్లో అన్ని అంకెల మొత్తం ఇంత రావాలని ఒక సరిచూపు ఇవ్వండి. ఫలానా దిక్కున ఫలానా మీటర్లు నడవమంటే అసలు ఉత్తరమా, అయస్కాంత ఉత్తరమా స్పష్టంగా రాయండి. ఒక డిగ్రీ తేడా కిలోమీటరు దూరంలో 17 మీటర్లకు పైనే.

కొత్తబాట:
ముందు ట్రెడిషనల్‌తోనే వెళ్తాను. పబ్లిష్ అయ్యాక వరసగా డీఎన్‌ఎఫ్‌లు (‘వెతికాం, దొరకలేదు’ అనే లాగ్‌లు) వస్తే ఏం చేయాలి?

మూతబిగువు:
తేలికైన క్యాష్‌కి వరసగా రెండు డీఎన్‌ఎఫ్‌లు వచ్చాయంటే వెళ్లి చూడాల్సిందే. వెంటనే వెళ్లలేకపోతే తాత్కాలికంగా డిసేబుల్ చేయండి, మామూలుగా నాలుగు వారాల్లో బాగుచేయాలి. అప్పటికీ చలనం లేకపోతే రివ్యూయర్ ఆర్కైవ్ చేస్తారు, అంటే లిస్టింగ్ మూసేస్తారు. ‘డబ్బా కనబడలేదు, కొత్తది పెట్టి సంతకం చేశాను’ అని ఎవరైనా లాగ్ రాస్తే సంతోషపడకండి. పాతది తొర్రలో ఇంకాస్త లోపలికి జరిగి ఉండొచ్చు. రెండు డబ్బాలున్న చోట సగంమంది ఒకదాంట్లో, సగంమంది ఇంకోదాంట్లో సంతకాలు పెడతారు. వెళ్లి ఏది ఉంచాలో చూసి రెండోది తీసేయండి.

చిట్టాకాగితం:
వెళ్లేటప్పుడు పొడి లాగ్‌బుక్, మూత రబ్బరు, పెన్సిల్ వెంట తీసుకెళ్లండి. రబ్బరు తడిగుడ్డతో తుడిచి, గాడిలో ఇసుక లేకుండా చూసి, నాలుగు క్లిప్పులూ చప్పుడు వినబడేదాకా నొక్కండి. మూడే పడ్డ డబ్బా తెరిచి ఉన్నదాంతో సమానం. పని అయ్యాక ‘ఓనర్ మెయింటెనెన్స్’ లాగ్ పెట్టండి, మామూలు నోట్ రాస్తే పేజీ మీది ‘బాగుచేయాలి’ అనే రెంచి గుర్తు పోదు.

మట్టిదారి:
ఆర్కైవ్ చేసే రోజు వస్తే డబ్బా తీసేశాకే బటన్ నొక్కండి. ముందే యాప్‌లోకి దించి పెట్టుకున్నవాళ్లు తర్వాత కూడా వెతుకుతూ వస్తారు, వేరే సైట్లలో అదే క్యాష్ ఉండొచ్చు. తీసేసినట్టు ఆఖరి లాగ్‌లో రాస్తే సరిపోతుంది.